వేలు తగలకముందే

షాలిమార్ స్టేషన్ హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా వైపు ఉంటుంది. గూడ్సు యార్డుగా పేరుపడిన ఈ చోటి నుంచే ఇప్పుడు కోరమండల్ ఎక్స్‌ప్రెస్ బయల్దేరుతోంది. అందుకే విశాఖ, రాజమండ్రి, బెజవాడ వెళ్లే మనవాళ్లకు ఆ పేరు నోటికి అలవాటైంది. బండెక్కి, సామాను సీటు కిందికి తోసి, ప్లగ్గులో చవక చార్జరొకటి గుచ్చి, ‘బయల్దేరాం’ అని ఇంటికి మెసేజ్ కొడుతుంటే ఒక్కోసారి ఫోన్ మాట వినదు. ఒక అక్షరం నొక్కితే పక్కది పడుతుంది. కిందికి జరపబోతే ఇంకేదో తెరుచుకుంటుంది. చార్జర్ పీకేస్తే మళ్లీ అంతా మామూలే.

స్క్రీన్ పోయిందేమోనని చాలామంది కంగారుపడతారు. స్క్రీన్‌కు ఏమీ కాదు. సరైన ఫిల్టర్ లేని చార్జర్ ఫోన్ మొత్తాన్నీ విద్యుత్‌పరంగా అటూ ఇటూ ఊపుతుంటుంది. ఫోన్ పట్టుకున్న మనిషి ఒళ్లేమో భూమితో ముడిపడి ఉంటుంది. వేలు అద్దం దగ్గరికి రాగానే ఆ ఊపు పారడానికి దారి దొరుకుతుంది. అందుకే అలజడి స్క్రీన్ అంతటా కాక, సరిగ్గా వేలు ఉన్న వరుసలోనే పుడుతుంది. కింద కూర్చున్న చిప్ కొలిచేది అత్యంత సూక్ష్మమైన విద్యుదావేశాన్ని. అందులో ఈ చెత్త కలిస్తే వేలు ఎక్కడుందో దానికి తేలదు.

టచ్‌స్క్రీన్ అసలు స్వభావం ఈ చిన్న ఇబ్బందిలోనే బయటపడుతుంది. మనం స్పర్శ అనుకునేది ఆ అద్దానికి తెలియదు. దానికి తెలిసిందల్లా దగ్గరితనం.

అద్దం అడుగున కంటికి ఆనని రెండు వరసల గీతలుంటాయి, నిలువు కొన్ని, అడ్డం కొన్ని. ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శకమైన పదార్థంతో వేసిన విద్యుత్ దారులవి. నిలువు గీత, అడ్డగీత దాటుకునే ప్రతిచోటా ఒక బుల్లి కెపాసిటర్ ఏర్పడుతుంది. దాని విలువ సుమారు ఒక పికోఫారడ్, అంటే ఫారడ్‌లో లక్ష కోట్ల వంతు. చిప్ ఒక గీతలోకి విద్యుత్ పల్సులు పంపి, రెండో గీతలో ఎంత వినబడుతోందో చూస్తుంది. ఆ రెంటి మధ్య విద్యుత్ క్షేత్రం అద్దంలో బందీగా ఉండదు, పైకి గాలిలోకి ఉబ్బుతుంది. మన వేలు చాలావరకు ఉప్పునీరే కాబట్టి అక్కడికి చేరగానే ఆ క్షేత్రంలో కొంత తనవైపు లాక్కుంటుంది. రెండో గీతలో వినబడేది ఆ మేరకు తగ్గుతుంది. వేలు అద్దానికి ఆనితే బాగా తగ్గుతుంది. 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నా తగ్గుతుంది, కానీ కొంచెమే. 20 మిల్లీమీటర్ల దగ్గర ఆ తగ్గుదల అలజడిలో కలిసిపోయేంత చిన్నది. ఈ దారి పొడవునా ఎక్కడా మెట్టు లేదు, ‘ఇక్కడి నుంచి తాకినట్టు’ అని ప్రకృతి గీసిన గీతా లేదు. ఆ గీతను ఇంజనీరు గీస్తాడు. తగ్గుదల ఇంతకు మించితే తాకినట్టు, మించకపోతే లేనట్టు అని చిప్‌లో ఒక అంకె రాసిపెడతాడు.

నిజానికి ఆ గీతలను మనమెవ్వరం ఎన్నడూ తాకలేదు. మధ్యలో కవర్ గ్లాసు ఉంది. దాని మీద మనం బజారులో అంటించుకున్న టెంపర్డ్ గ్లాసు ఉంది. ఈ లెక్కన ప్రతి తాకుడూ ఒక తేలియాడే వేలే, కాకపోతే ఎత్తు బాగా తక్కువ. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే టచ్‌స్క్రీన్ చరిత్ర వేరే రకంగా కనిపిస్తుంది. ఇంజనీర్లు తొలి నుంచీ చేతిలో ఉన్న ఒక సమాచారాన్ని పనికిరాదని పారబోస్తూ వచ్చి, చివరికి దాని విలువ తెలుసుకున్న కథ ఇది.

కథలోకి వెళ్లేముందు షాలిమార్ పక్కనే కాసేపు ఆగాలి. అదే ఒడ్డున, దగ్గర్లోనే, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ ఉంది. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన తోట. 1793లో దాని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బరో అంతకుముందు మన సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచి, కోస్తా తీరపు చెట్లను వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేసిన మనిషి. 2009లో ఆ తోటకు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు.

బోస్ కలకత్తాలో ఏళ్ల తరబడి పట్టుకుని వదలని విషయాల్లో స్పర్శ ఒకటి. అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ముడుచుకుంటుంది. ముట్టుకున్న క్షణానికీ ముడుచుకోవడం మొదలయ్యే క్షణానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో కొలవాలన్నది ఆయన పట్టుదల. ఆకుకు సన్నని దారం కట్టి, ఆ దారాన్ని తేలికైన మీటకు తగిలించి, మీట కొసతో మసి పట్టించిన గాజు పలక మీద గీయించాలి. చిక్కంతా ఆ కొసతోనే వచ్చింది. ఆకు లాగే బలం ఎంతో తక్కువ. కొస గాజును రాసుకుంటే పుట్టే ఒరిపిడి ఆ కాస్త బలాన్నీ మింగేస్తుంది. కొలవడానికి తాకితే కొలవాల్సిందే చెదిరిపోతోంది. అప్పుడు బోస్ మీట కొసను సెకనుకు ఇన్నిసార్లు అన్న కచ్చితమైన లెక్కతో కంపింపజేశారు. అది గాజును అంటిపెట్టుకోకుండా తగిలి లేస్తుంది, మళ్లీ తగిలి లేస్తుంది. పలక మీద గీతకు బదులు చుక్కల వరుస పడుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య కాలం ముందే తెలుసు కాబట్టి ఆ పలకే గడియారం కూడా అవుతుంది. రెజొనెంట్ రికార్డర్ అని ఆయన పేరు పెట్టిన ఆ పరికరం సెకనులో వెయ్యో వంతు దాకా కాలాన్ని పట్టగలిగేది. 1913లో వచ్చిన ఆయన పుస్తకంలో దాని నిర్మాణం వివరంగా ఉంది.

టచ్‌స్క్రీన్ మూలాలు కలకత్తాలో ఉన్నాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. దాని వంశం వేరు. అయినా మన జేబులోని అద్దం చేసే పనికి ఆ మసి పలక పని చాలా దగ్గర. ఫోన్ చిప్ కూడా అద్దాన్ని ఎడతెగకుండా గమనిస్తూ ఉండదు. సెకనుకు అరవై, నూట ఇరవై సార్లు అంటూ లెక్క ప్రకారం పలకరించి వదిలేస్తుంది, మళ్లీ పలకరిస్తుంది. గాజు మీద మనిషి వేలి కదలిక కూడా దానికి ఒక చుక్కల వరుసే.

అసలు వంశం సంగీతంతో మొదలైంది. 1920లో పెట్రోగ్రాడ్‌లో లెవ్ టెర్మెన్ అనే యువ భౌతిక శాస్త్రవేత్త వాయువుల విద్యుత్ లక్షణాలు కొలిచే పరికరం ఒకటి తయారుచేస్తున్నాడు. తన చెయ్యి దగ్గరికొస్తే పరికరం రీడింగు మారిపోతోంది. ఇంకొకరైతే ఆ చేతి ప్రభావాన్ని అడ్డుకోవడానికి చుట్టూ రేకు కట్టేవారు. టెర్మెన్ సెల్లో వాయించే మనిషి. ఆ మార్పును చెవికి వినబడేలా చేసుకున్నాడు. వాద్యాన్ని ముట్టుకోకుండా గాలిలో చెయ్యి కదిపితే స్వరం పలికే థెరెమిన్ అలా పుట్టింది. 1922లో దాన్ని లెనిన్‌కు వాయించి చూపించాడు. 1928లో అమెరికా పేటెంట్ వచ్చింది. చెయ్యి దగ్గరైతే కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఆ పెరుగుదలను సంకేతంగా మార్చవచ్చు అనే సూత్రం అక్కడే పూర్తిగా ఉంది. అంటే తాకని వేలిని పసిగట్టడమే ముందు వచ్చింది. తాకిన వేలిని విడదీసి చెప్పడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది.

1965లో ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో, రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసే ఇ.ఎ. జాన్సన్ ‘టచ్ డిస్‌ప్లే’ గురించి ఒక చిన్న పత్రం ప్రచురించాడు. విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్లకు రాడార్ తెర మీద కనిపిస్తున్న విమానాన్ని కంప్యూటర్‌కు చెప్పడం పెద్ద పని. పేరు టైపు చేయాలి, అంకెలు కొట్టాలి. తెర మీదనే సన్నని తీగలు అమర్చి, ఏ తీగ దగ్గర కెపాసిటెన్స్ మారిందో చూస్తే చాలు కదా అన్నది జాన్సన్ ఆలోచన. అది ఒకసారికి ఒక్క చోటునే గుర్తించేది. తాకాడా లేదా, ఈ రెండే జవాబులు. ఆకాశంలో విమానాలున్నప్పుడు అంత కచ్చితంగా ఉండటమే న్యాయం.

ఈ మొత్తం కథలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో జరిగింది. సూపర్ ప్రోటాన్ సింక్రోట్రాన్ అనే భారీ యంత్రాన్ని అక్కడ కడుతున్నారు. పాత పద్ధతిలో అయితే దాని కంట్రోల్ రూముకు గోడల నిండా వేల మీటలు, తిప్పుడు బొత్తాలు కావాలి. ఒక్కో ఆపరేటరు ముందు కొద్దిపాటి సాధనాలే ఉండాలి, అవే ఎప్పటికి కావలసినట్టు అప్పటికి మారాలి అని ఫ్రాంక్ బెక్ పట్టుబట్టాడు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు బెంట్ స్టంప్ 1972 మార్చి 11న చేత్తో రాసిన ఒక నోటులో పరిష్కారం ఇచ్చాడు. పారదర్శకమైన పలక మీద రాగితో అతి సన్నని గీతలు చెక్కాలి. గీత వెడల్పు 80 మైక్రాన్లు, గీతకూ గీతకూ ఎడం 80 మైక్రాన్లు. అంత సన్ననివైతే వెనకున్న తెర వాటిలోంచి కనిపిస్తుంది. అలా 16 మీటలు. ఏ మీట మీద ఏం రాసి ఉండాలో వెనకున్న తెర చూపిస్తుంది, కాబట్టి ఆ పదహారే పదహారు వందల పనులు చేయగలవు. 1976లో సింక్రోట్రాన్ నడక మొదలైనప్పుడు దాని కంట్రోల్ రూములో ఈ తెరలే ఉన్నాయి.

ఆ పలక తయారీలో ఒక చిన్న వివరం దగ్గరే నా మనసు ఆగుతుంది. గీతల మీద లక్క లాంటి పూత పూసి, వేలు రాగిని నేరుగా తాకకుండా చేశారు. తాకితేనే పని చేసే మీట తయారుచేస్తూ, తాకకుండా ఉండే ఏర్పాటు అందులోనే పెట్టారు. ఆ పూతే లేకపోతే చెమట, జిడ్డు, తేమ కెపాసిటర్ల లెక్కలు తలకిందులు చేసేవి.

అదే కాలంలో ఇంకో రెండు దారులు తెరుచుకున్నాయి. అమెరికాలో శామ్ హర్‌స్ట్ 1971లో మొదలుపెట్టిన పని రెసిస్టివ్ తెరలకు దారితీసింది. రెండు పొరలు, వేలితో నొక్కితే పైపొర వంగి కిందిదాన్ని అంటుకుంటుంది. నిజమైన స్పర్శ, అసలు అర్థంలో తాకడం అంటే ఇదొక్కటే. మనదేశంలో విపరీతంగా అమ్ముడుపోయిన నోకియా 5233 వాడినవాళ్లకు గోటితో గట్టిగా నొక్కిన జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇక ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే బోధనా కంప్యూటర్ 1972లో దీనికి పూర్తి విరుద్ధమైన దారి పట్టింది. తెర అంచుల నుంచి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అడ్డంగా, నిలువుగా పరిచారు, 16 అటు, 16 ఇటు. వేలు కిరణాన్ని అడ్డుకుంటే చాలు. కిరణాలు గాజుకు కాస్త పైన వెళతాయి కాబట్టి వేలు గాజును చేరకముందే యంత్రం ‘తాకింది’ అని తీర్మానించేస్తుంది. ఈ రకం తెరలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. చొక్కా చేతి అంచు వేలాడినా, ఈగ వాలినా వాటికి మీట నొక్కినట్టే.

తాకడం, తేలడం రెండూ వేరువేరుగా తెలియాల్సిన అవసరం ఏమిటో మొదట స్పష్టంగా చెప్పింది టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన బిల్ బక్స్‌టన్. 1985లో ఎస్.కె. లీ, కె.సి. స్మిత్‌లతో కలిసి ఆయన ఒకేసారి అనేక వేళ్లను కెపాసిటెన్స్‌తో గుర్తించే పలకను చూపించాడు. 1990లో రాసిన పత్రం ఇంకా ముఖ్యమైనది. మనం కంప్యూటర్‌తో పనిచేసేటప్పుడు మూడు స్థితులుంటాయని అందులో అంటాడు. యంత్రానికి మన చెయ్యి కనబడని స్థితి ఒకటి. చెయ్యి ఎక్కడుందో తెలుస్తూ, ఇంకా ఏ పనీ జరగని స్థితి రెండోది. పని జరిగే స్థితి మూడోది. మౌస్‌ను ఊరికే కదిపితే బాణం గుర్తు కదులుతుంది, ఏమీ జరగదు. మీట నొక్కితే జరుగుతుంది. మధ్యలో ఉన్న ఆ ‘ఊరికే కదపడం’ మనకు ఎంతో మేలు చేస్తుంది. ఏది ఏమిటో చూసుకోవచ్చు, గురి సరిచేసుకోవచ్చు, మనసు మార్చుకోవచ్చు. టచ్‌స్క్రీన్‌కు ఆ మధ్య స్థితి లేదు. వేలు కనబడని దశ నుంచి నేరుగా పని జరిగే దశలోకి దూకుతుంది. మౌస్ పెడితే తెరుచుకునే మెనూలున్న వెబ్‌సైట్లు తొలినాటి ఫోన్లలో ఎందుకు అంత ఇబ్బంది పెట్టాయో దీన్నిబట్టి తెలుస్తుంది. తాకకముందు వేలిని చూడగలిగితే ఆ పోయిన స్థితి తిరిగి వస్తుంది. తేలియాడే వేలిని గుర్తించడం ఎందుకన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనబడలేదు.

ఈ లోపల ఎంఐటీ మీడియా ల్యాబులో టెర్మెన్ అనుభవం లాంటిదే మళ్లీ జరిగింది. సెల్లో విద్వాంసుడు యో యో మా కోసం 1991లో ఒక ఎలక్ట్రానిక్ సెల్లో తయారుచేశారు. కమాను ఎక్కడుందో విద్యుత్ క్షేత్రంతో కొలిచే ఏర్పాటు అందులో ఉంది. విద్వాంసుడి చెయ్యి ఆ కొలతలో జోక్యం చేసుకుంటోందని నీల్ గెర్షెన్‌ఫెల్డ్ బృందం గమనించింది. అడ్డమనుకున్న ఆ చేతినే కొలవవచ్చని తేలింది. థామస్ జిమ్మర్‌మన్, జాషువా స్మిత్, జోసెఫ్ పారడిసో, గెర్షెన్‌ఫెల్డ్ తదితరులు 1995లో ప్రచురించిన పత్రం, గాలిలో ఉన్న మనిషి చెయ్యిని విద్యుత్ క్షేత్రంతో పట్టుకోవడం ఎలాగో కంప్యూటర్ ఇంజనీర్లకు సవివరంగా నేర్పింది. 2002లో టోక్యోలోని సోనీ ప్రయోగశాలలో జున్ రెకిమోటో ‘స్మార్ట్‌స్కిన్’ అనే బల్ల చూపించాడు. దాని పెద్ద పెద్ద గళ్ల వల మీద చెయ్యి ఎంత ఎత్తులో ఉందో కూడా అది అంచనా వేసేది.

జేబులో పట్టే ఫోన్ మాత్రం వేరే దారిలో వచ్చింది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న వేన్ వెస్టర్‌మన్‌ను చేతి నొప్పి బాధపెట్టేది, కీబోర్డు మీద గట్టిగా కొట్టడం కష్టమయ్యేది. మెత్తగా ఆనిస్తే చాలునన్న పలక కోసం ఆయన, గురువు జాన్ ఇలియాస్ కలిసి శ్రమించారు. 1999లో సిద్ధాంత వ్యాసం పూర్తయింది. వాళ్ల ఫింగర్‌వర్క్స్ కంపెనీని 2005లో యాపిల్ కొన్నది. 2007 జనవరిలో ఐఫోన్‌ను ప్రకటించారు. వేలు ఆనగానే కదిలే ఆ తెరను చూసి ప్రపంచం ముగ్ధమైంది. ఆ ముచ్చటలో, చిప్ కొలుస్తున్నదాంట్లో ఇంజనీరు గీసిన గీతకు కిందనున్న భాగమంతా, అంటే తేలియాడే వేలి ఆనవాళ్లన్నీ, నాయిస్ కింద చెత్తబుట్టలోకి వెళ్లాయి.

వాటిని ఏరి తెచ్చుకోవడం అంత తేలిక కాదు. గీతలు కొలిచే పద్ధతులు రెండున్నాయి. నిలువు, అడ్డగీతలు కలిసే ఒక్కో చోటును విడివిడిగా కొలిచేది ఒకటి. పది వేళ్లు పెట్టినా దేని చోటు దానికి తెలుస్తుంది. కానీ ఆ చోటు చిన్నది, క్షేత్రం పైకి ఎక్కువ దూరం పోదు. రెండోది, ఒక గీత మొత్తాన్నీ ఒకే కెపాసిటర్‌గా కొలవడం. గీత పొడవంతా పనిచేస్తుంది కాబట్టి సంకేతం బలంగా ఉంటుంది, క్షేత్రం దూరం పోతుంది. కానీ రెండు వేళ్లు పెడితే రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు పలుకుతాయి, నాలుగు చోట్లు కనిపిస్తాయి. వాటిలో రెండు నిజం, రెండు దెయ్యాలు. ఏవి ఏవో చెప్పలేం. ఒక పద్ధతికి చూపు స్పష్టం కానీ దగ్గరిదే కనబడుతుంది. ఇంకోదానికి దూరం కనబడుతుంది కానీ వేళ్లు కలగలిసిపోతాయి.

2012లో సోనీ ఎక్స్‌పీరియా సోలా ఫోన్‌లో సైప్రెస్ కంపెనీ కంట్రోలర్ ఈ రెంటినీ ఒకే తెర మీద, ఒకదాని తర్వాత ఒకటిగా నడిపింది. వేళ్లు తాకినప్పుడు మొదటి పద్ధతి, గాలిలో ఒక్క వేలు ఉన్నప్పుడు రెండో పద్ధతి. సుమారు 20 మిల్లీమీటర్ల ఎత్తులో వేలు ఉన్నా దానికి తెలిసేది. బ్రౌజర్‌లో లింకు మీద వేలు తేలితే ఆ లింకు మెరిసేది, వేలు దించితే తెరుచుకునేది. బక్స్‌టన్ చెప్పిన మధ్య స్థితి వేలికి దొరికింది. ‘ఫ్లోటింగ్ టచ్’ అని పేరు పెట్టారు.

అదే ఏడాది నోకియా లూమియా 920 చేతికి గ్లవ్స్ వేసుకున్నా పనిచేసే తెరతో వచ్చింది. జనం ఆ రెండిటినీ వేర్వేరు వింతలుగా చూశారు. అడుగున ఉన్న భౌతికశాస్త్రం ఒకటే. ఉన్ని గ్లవ్స్‌లోని వేలు అంటే అద్దానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల పైన తేలుతున్న వేలే. సున్నితత్వం పెంచితే అదీ దొరుకుతుంది. మరుసటి ఏడాది శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 ‘ఎయిర్ వ్యూ’తో గ్యాలరీలో ఆల్బమ్ మీద వేలు ఉంచితే లోపలి ఫొటోలు చూపించింది.

అంత చేసినా ఇది నిలవలేదు. తర్వాతి ఫోన్లలో మెల్లగా కనుమరుగైంది. కారణాలు మూడు కనిపిస్తాయి. దూరపు వేలిని వినాలంటే చిప్ ఎక్కువసేపు చెవి ఒగ్గాలి, బ్యాటరీ ఖర్చవుతుంది. అద్దం అడుగున ఉన్న డిస్‌ప్లే తన సొంత అలజడి చేస్తూనే ఉంటుంది, తెరలు పలుచబడేకొద్దీ ఆ గొడవ టచ్ గీతలకు మరింత దగ్గరైంది. మూడోది మనిషి అలవాటు. ఫోన్ పట్టుకున్నప్పుడు బొటనవేలు ఎప్పుడూ తెర పైన ఎక్కడో ఒకచోట వేలాడుతూనే ఉంటుంది, ఏ ఉద్దేశమూ లేకుండా. దాన్ని కూడా సైగగా తీసుకుంటే ఫోన్ అడగనివన్నీ చూపిస్తుంది. వేలు ఉందని తెలియడం వేరు, ఆ వేలికి ఏం కావాలో తెలియడం వేరు. మొదటిది సాధించి, రెండోది కూడా వచ్చేసిందనుకోవడమే అప్పటి ఫోన్ల తయారీదార్ల తొందరపాటు అని నా అభిప్రాయం.

అయితే ఆ జంట కొలతల పద్ధతి వృథా పోలేదు. తెర మీద వానచినుకు పడినప్పుడు అది మనకు ఉపయోగపడుతోంది. నీటిచుక్కకు మన ఒంటిలా భూమితో ముడి లేదు. విడివిడి చోట్లను కొలిచే పద్ధతికి చుక్క కనబడుతుంది, కానీ వేలికి వ్యతిరేకంగా, తగ్గించాల్సింది పెంచుతూ కనబడుతుంది. గీత మొత్తాన్ని కొలిచే పద్ధతికి, చుట్టూ ఉన్న గీతలనూ అదే లయలో ఊపితే, చుక్క దాదాపు కనబడనే కనబడదు. ఈ రెండు సాక్ష్యాలను పోల్చి చిప్ ‘ఇది వేలు, అది నీరు’ అని తేలుస్తుంది. శ్రావణమాసపు వానలో హౌరా బ్రిడ్జి మీద నిలబడి ఫోన్ చేసుకోగలుగుతున్నామంటే అందులో దీని పాలు చాలా ఉంది.

తేలే వేలిని మళ్లీ తలకెత్తుకున్నది పరిశోధకులే. 2014లో టొరంటోలో హైజున్ షియా, డేనియల్ విగ్డోర్ తదితరులు, వేలు దిగుతున్న దారిని బట్టి అది ఎక్కడ, ఎప్పుడు తగులుతుందో ముందే లెక్కకట్టి, ఫోన్ స్పందనలోని ఆలస్యాన్ని తుడిచిపెట్టవచ్చని చూపించారు. వేలు తగిలే సరికి జవాబు సిద్ధంగా ఉంటుంది. 2016లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో కెన్ హింక్లీ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. వీడియో చూస్తున్నప్పుడు వేలు దగ్గరికొస్తే మీటలు పైకి తేలతాయి, వెనక్కి వెళితే మాయమవుతాయి. ఒంటి చేత్తో పట్టుకున్నారా, రెండు చేతులతోనా అన్నది అంచుల దగ్గరి వేళ్లను బట్టి తెలుసుకుని, బొటనవేలికి అందే చోటే మీటలు పెడుతుంది. వేలు సైగ చేయాల్సిన పని లేదు. రావడమే చాలు. ఎస్4 చేసిన తొందరపాటుకు ఇది సరైన దిద్దుబాటు. ఆ పత్రం రాసినవాళ్ల జాబితాలో చివరి పేరు బిల్ బక్స్‌టన్.

పెన్నులకు మాత్రం ఈ వరం దక్కింది. 2022లో వచ్చిన ఐప్యాడ్ ప్రో, తన పెన్సిల్ 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండగానే కొస ఎక్కడ దిగుతుందో చూపిస్తుంది. పెన్సిల్ తానే సంకేతం పంపుతుంది కాబట్టి దాన్ని వినడం సులువు. వేలు ఏమీ పంపదు, ఉన్న క్షేత్రంలోంచి కొంచెం లాక్కుంటుంది, అంతే.

ఈ మధ్య స్థితి అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లు చూపు లేనివాళ్లు. మీటలున్న ఫోన్ మీద 5 అంకె దగ్గరి బొడిపెను తడిమి, ఎక్కడున్నామో తెలుసుకుని, అప్పుడు నొక్కేవారు. నునుపైన అద్దం ఆ వీలును తీసేసింది. తడిమితే చాలు, నొక్కినట్టే. పుణెలో పెరిగి, పద్నాలుగో ఏట చూపు కోల్పోయిన కంప్యూటర్ శాస్త్రవేత్త టి.వి. రామన్ గూగుల్‌లో ఉండగా, 2009 ప్రాంతంలో ఆండ్రాయిడ్ కోసం ఒక డయలర్ తయారుచేశారు. అందులో తెర మీద వేలు ముందుగా ఎక్కడ తగిలితే అదే 5. పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8. మీటను వెతకలేని వేలి దగ్గరికి మీటే వస్తుంది. 2009లోనే ఐఫోన్‌లో వాయిస్ఓవర్ వచ్చింది. వేలు ఆనిస్తే అక్కడేముందో చదివి వినిపిస్తుంది, రెండుసార్లు తడితేనే తెరుస్తుంది. గాలిలో ఉండాల్సిన మధ్య స్థితిని అద్దం మీదికి దించి, అసలు తాకుడుకు రెండు తట్ల ఖరీదు పెట్టారన్నమాట. చూపు లేనివాళ్లు ఇన్నేళ్లుగా ప్రతి పనికీ ఆ అదనపు తట్టు కడుతూనే ఉన్నారు. వేలు అద్దానికి రెండు సెంటీమీటర్ల పైన ఉండగానే పేరు వినిపించి, దించితే తెరిచే ఫోన్ వాళ్లకు దొరకాలి. దానికి కావలసిన కొలత చేయగలిగిన ఫోన్ 2012లోనే బజారులోకి వచ్చింది.